చెన్నపురి ప్రదర్శనశాల – శతవార్షికోత్సవ స్మృతి

గ్రంథాలయమును, వస్తుప్రదర్శనశాలయు తోబుట్టువులు. ఒకటి అక్షరమును కాపాడును, రెండవది వస్తువును కాపాడును. దాచుట లోభికిని తెలిసిన విద్యయే. దాచినదానిని పదుగురి కన్నులయెదుట నుంచుట మాత్రము దాతకే తెలియును. ఈ రెండు సంస్థలును ఒక్క ప్రాకారములో పెరిగి పెద్దవైన చోటు చెన్నపట్టణమునందలి ఎగ్మూరు. అచ్చటి ప్రభుత్వ ప్రదర్శనశాల 1851వ సంవత్సరమున పుట్టి, 1951లో శతవార్షికోత్సవమును జరుపుకొన్నది. తెలుగుదేశము చెన్నరాజధానిలో భాగమై యున్నంత కాలమును అది తెలుగువారికిని ఇంటి సొత్తే. తెలుగు నేల పుట్టించిన శిల్పములలో మేలైనవి యెన్నో నేటికిని అచ్చటనే యున్నవి. కావున దాని చరిత్ర మనకు పరాయి చరిత్ర కాదు.

చెన్నపురి సామాన్యజనులు ఆ సంస్థకు పెట్టుకొన్న పేరు చిత్రమైనది. వారు దానిని 'చచ్చిన కాలేజి' అనెడివారు. బ్రతికియున్న జంతువులను చూపెడి తోటకు 'బ్రతికిన కాలేజి' అని పేరు. నవ్వు పుట్టించు మాటయే యైనను, అందొక ప్రశ్న దాగియున్నది. ఎండిన తోళ్లు, విఱిగిన రాళ్లు, ఎముకల పోగులు జనులకేమి చెప్పగలవు? చచ్చిన వస్తువులచేత బ్రతికిన విద్యను చెప్పించుట యెట్లు? ఆ నూఱేండ్ల చరిత్ర యంతయు ఈ ప్రశ్నకు వెదకిన సమాధానమే యనవచ్చును.

1846లో మద్రాసు సాహిత్య సమాజమువారు పట్టణమున నొక ప్రదర్శనశాల యుండవలెనని తలంచి ప్రభుత్వమును కోరిరి. తరువాత గవర్నరుగా వచ్చిన సర్ హెన్రీ పాటింజరు లండనులోని కంపెనీ డైరెక్టర్ల యనుమతిని సంపాదించెను. 1851 జనవరిలో ఎడ్వర్డు బాల్ఫరు అను వైద్యుడు దాని నిర్వహణమునకు నియుక్తుడయ్యెను. సమాజమువారిచ్చిన 1100 శిలాఖనిజ నమూనాలు మూలధనముగా సెంటుజార్జికోట కళాశాలయొక్క మేడమీద ప్రదర్శనశాల మొదలయ్యెను. ఆ విద్యాలయము 1812లో ఎల్లిసుదొర పూనికతో వెలసి, కంపెనీ కొలువునకు వచ్చిన దొరలకు దేశభాషలు నేర్పినది. బ్రౌనుదొర తెలుగున అక్షరాభ్యాసము చేసినది అందే. ఇట్లు ఒక కళాశాల మేడమీద పుట్టుటచేతనే కాబోలు, జనుల నోట దానికి 'కాలేజి' యను పేరు నిలిచినది.

వస్తువులు నానాటికి పెరిగి ఆ మేడ చాలకపోగా, 1854 డిసెంబరులో ప్రదర్శనశాలను ఎగ్మూరునందలి పాంథియను భవనమునకు మార్చిరి. ఆ భవనము ఒకప్పుడు ఐరోపీయుల విందులకును, నాట్యములకును నెలవు. నడుమ నొక ఆర్మీనియా వర్తకుని యధీనమైనదానిని ప్రభుత్వము 1830లో తిరిగి కొనెను. దొరలును దొరసానులును తప్ప అన్యులు కాలుపెట్టని యింట చెన్నపురి కూలివాడును, పల్లెనుండి వచ్చిన రైతును నిర్భయముగా తిరుగాడిరి. ఆ మార్పును చిన్నదిగా నెంచరాదు.

బాల్ఫరు జనుల మనసెఱిగినవాడు. రాళ్లను చూచుటకు రానివాడు పులిని చూచుటకు తప్పక వచ్చునని గ్రహించి, 1855లో ప్రదర్శనశాల యావరణముననే జంతుశాలను నెలకొల్పెను. కర్ణాటక నవాబును ప్రోత్సహించి ఆయన జంతువులను దీనికి ఇప్పించెను. జనము వెల్లువగా వచ్చెను. పులిని చూడవచ్చినవారు పులితోపాటు శిలలను, శంఖములను, శిల్పములను కూడ చూచి పోయిరి. బెల్లపుపూతతో మందు మ్రింగించెడి వైద్యుని యుపాయమిది. 1863లో ఆ జంతువులను పీపుల్సుపార్కునకు తరలించిరి. 'చచ్చిన కాలేజి'యు 'బ్రతికిన కాలేజి'యు వేఱుపడినది అప్పుడే.

బాల్ఫరు దృష్టి పట్టణముతో నాగలేదు. జిల్లాలలోను ప్రదర్శనశాల లుండవలెనని ఆయన కోరిక. 1855 ప్రాంతమున బళ్లారి, కడలూరు, కోయంబత్తూరు, మంగుళూరు, ఉదకమండలము, రాజమహేంద్రవరములలో చిన్న ప్రదర్శనశాలలు మొదలైనవి. ఆదికవి నన్నయ కాలూనిన నగరమునకు నూటడెబ్బది యేండ్లకు పూర్వమే అట్టి భాగ్యము కలుగుట గర్వింపదగినది. కాని ఆ ముచ్చట నిలువలేదు. 1861 నాటికి అవి మూతపడినవి. మహానగరమున నొక సంస్థను నిలుపుటకు ప్రభుత్వపు టుత్తరువు చాలును. చిన్నయూరిలో నొక సంస్థను నిలుపుటకు ఆ యూరివారి మమకారము కావలెను. అది లేనిచోట పైనుండి దిగివచ్చిన ధర్మము పైకే పోవును.

గ్రంథాలయముల చరిత్రలోను ఈ ప్రదర్శనశాలకు మంచి స్థానము గలదు. ఇంగ్లండులోని హెయిలీబరి కళాశాల 1858లో మూతపడగా, అందలి మిగులు గ్రంథములు కొన్ని చెన్నపురికి వచ్చి ప్రదర్శనశాలయందు చేరినవి. ఆ బీజమునుండి మొలకెత్తిన ప్రజాగ్రంథాలయమే పెరిగి పెరిగి, 1896 డిసెంబరు 5వ తేదిని కన్నెమరా గ్రంథాలయమను పేర విశాల భవనమున ప్రారంభమయ్యెను. పూర్వము గవర్నరుగా నుండిన కన్నెమరా ప్రభువు పేరు దానికి పెట్టిరి. 1948లో మద్రాసు పౌరగ్రంథాలయముల చట్టము వచ్చినపిదప, 1950లో అదియే రాష్ట్ర కేంద్రగ్రంథాలయమైనది. పరదేశమున బీరువాలలో నుండిన పుస్తకములు సముద్రము దాటి వచ్చి, ఒక రాజధాని ప్రజలకు గ్రంథాలయమై నిలిచిన కథ యిది.

1885 మొదలు 1908 వఱకు అధ్యక్షుడుగా నుండిన ఎడ్గారు థర్‌స్టను కాలమున ప్రదర్శనశాల కీర్తి మిన్నుముట్టినది. ఉపన్యాసములకై 1896లో నాటకశాల వెలసెను. ఘోషా పాటించు స్త్రీలు వచ్చి చూచుటకై వారికి ప్రత్యేకముగ దినము నేర్పఱచిరి. ఇల్లు దాటని యిల్లాలికి లోకమును చూపవలెనన్న ఆ తలంపు ఆ దినములలో సామాన్యమైనది కాదు. కనుమపండుగనాడు ఊళ్లనుండి బండ్లమీదను, కాలినడకను వచ్చిన సంసారములతో ఆ యావరణము తిరునాళ్లవలె క్రిక్కిఱియుట పరిపాటి యయ్యెను.

అయినను సత్యమును చెప్పవలసినచోట ఒక్క ప్రక్కనే చెప్పరాదు. థర్‌స్టను జాతుల పరిశీలనమందు మిక్కిలి ఆసక్తి గలవాడు. ప్రదర్శనశాలకు వచ్చినవారి తలలను, ముక్కులను కొలకఱ్ఱలతో కొలిచి వ్రాసికొనెడివాడు. 1909లో కె. రంగాచారిగారి సాయముతో ఏడు సంపుటములుగా వెలువడిన 'దక్షిణహిందూదేశపు కులములు, తెగలు' అను గ్రంథమునకు ఈ శ్రమయు తోడ్పడినది. అందు విలువైన సమాచారము కలదు. కాని ముక్కు పొడవునుబట్టి మనుష్యుని తెలియవచ్చునను శాస్త్రము తరువాతి పరిశీలనమునకు నిలువలేదు. వింతలు చూడవచ్చిన మనుజుడు తానే వింతవస్తువగుట విచారింపదగినది. ప్రజలకొఱకు వెలసిన సంస్థ ప్రజలను వస్తువులుగా చూడరాదన్న పాఠమును ఆ కొలతలు మిగిల్చినవి.

ఇక తెలుగువారి మనసును కలచు ఘట్టము అమరావతి శిల్పములది. కృష్ణాతీరమున ధాన్యకటకపు మహాచైత్యము శాతవాహనుల కాలమున దేశదేశముల యాత్రికులను రప్పించినది. కాలవశమున అది మట్టిదిబ్బయై 'దీపాలదిన్నె' యని పిలువబడెను. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయడుగారు అమరావతిని రాజధానిగా కట్టుకొనుచుండగా, ఇటుకలకును రాళ్లకును ఆ దిబ్బను త్రవ్విరి. చలువరాతి ఫలకములు బయటపడినవి. 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూచెను. 1816లో ఆయన మరల వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెఱువు త్రవ్వబడి యుండెను. ఎన్నియో ఫలకములు సున్నపుబట్టీలలో కాలి సున్నమైనవి. బుద్ధుని జీవితగాథలు చెక్కిన రాయి గోడకు పూతయై పోయినది. ఆ పని చేసినవారు పరదేశులు కారు, మనవారే. కన్నులుండియు చూడనివారికి రత్నమును గులకరాయియు నొక్కటే.

1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించి తీసిన ఫలకములు చెన్నపురికి చేరినవి. కళాశాల ముంగిట ఎండకును వానకును కొన్నేండ్లు పడియుండి, పిదప 1859లో లండనునకు ఎగుమతి యయ్యెను. అచ్చటను వాటిని ఆదరించినవారు లేరు. 1867లో ఫెర్గూసను అను పండితుడు వెదకి చూడగా, ఒక భవనపు గుఱ్ఱపుసాలలో పడియుండెను. 1880లో అవి బ్రిటిషు మ్యూజియమునకు చేరెను. నేడు నూటయిరువదికి పైగా అమరావతి శిల్పములు లండనులోనే కలవు. 1877లో రాబర్టు స్యూయెలును, 1881–82లో బర్జెసును త్రవ్వించి తీసినవానిలో మేలైన ఫలకములు చెన్నపురి ప్రదర్శనశాలకు వచ్చినవి. పుట్టినచోటనే వాటిని నిలుపవలెనని పురాతన కట్టడముల సంరక్షకుడు కోలు వాదించెను. ఊరిలో నుంచిన నశించునని బర్జెసు వాదించెను. బర్జెసు మాటయే నెగ్గినది.

ఈ ఇరువురిలో న్యాయమెవరిది? రెండు మాటలును సత్యమే యని తోచును. సున్నపుబట్టీ కథ తెలిసినవాడు బర్జెసును నిందింపలేడు. కాని పుట్టిననేల, ఏటిగాలి, ప్రదక్షిణపథము, అన్నియు విడిచి గోడకు తాపబడిన రాయి తన కథలో సగమును మఱచినదే యగును. కోలు మాటను తరువాతి తరమువారు గౌరవించిరి. అమరావతిలోనే పురావస్తు ప్రదర్శనశాల వెలసి, పిదప దొరకిన శిల్పములు పుట్టినయూరనే నిలిచినవి. ఊరివారికి తమ సొత్తు విలువ తెలిసిననాడు, దానిని ఊరు దాటించు నవసరముండదు. తెలియనినాడు ఊరిలో నుంచియు ఫలము లేదు.

ఇట్లు చేరిన వస్తువులకు నోరు కల్పించిన ఘనత ఇరువదవ శతాబ్దిలోని విద్వాంసులది. 1904లో రాబర్టు బ్రూసు ఫుటు సేకరించిన ఆదిమానవుల రాతిపనిముట్లు ప్రదర్శనశాలకు చేరినవి. అందు కర్నూలు, అనంతపురము, బళ్లారి సీమలవియు నున్నవి. తూర్పుచాళుక్యాదుల తామ్రశాసనము లందు కలవు. ఊరి పొలిమేరలను పుట్టతో, మ్రానితో, వాగుతో గుర్తించి వ్రాసిన ఆ దానపత్రములు చదువుచున్నప్పుడు, భూమి లెక్క వ్రాయు విద్య యెంత ప్రాచీనమో తెలియును. 1920 నుండి 1940 వఱకు అధ్యక్షుడైన గ్రేవ్లీ కాలమున వస్తువులను వర్ణించు పుస్తకము లనేకములు వెలువడినవి. గ్రేవ్లీయు, టి.ఎన్. రామచంద్రన్‌గారును కూర్చిన లోహవిగ్రహముల పట్టిక 1932 నాటిది. చిలుము పట్టి క్షీణించుచున్న కంచువిగ్రహములకు చికిత్సచేయు రసాయనశాల 1930 దశకమున పరమశివన్‌గారి చేత పేరు గాంచెను. 1942లో శివరామమూర్తిగారు అమరావతి శిల్పములపై గ్రంథము వ్రాసి, ఫలకము ఫలకమునకును కథ విప్పి చెప్పిరి. అంతవఱకు మూగవైయున్న రాళ్లు మాటాడ మొదలిడెను.

1940లో ఎ. అయ్యప్పన్‌గారు అధ్యక్షులైరి. ఆ పీఠమునెక్కిన తొలి భారతీయులు వారే. వారి హయాములోనే 1951లో శతవార్షికోత్సవము జరిగినది. ఆ సంవత్సరముననే విక్టోరియా స్మారకభవనమున జాతీయ చిత్రశాల నెలకొన్నది. నూఱేండ్ల చరిత్రను చెప్పు స్మారకసంపుటము వెలువడినది. కంపెనీవారి యాజ్ఞతో పుట్టిన సంస్థ స్వతంత్రభారతమున ప్రజల సంస్థగా నూఱేండ్ల పండుగ చేసికొన్నది. చిత్రమేమనగా, అదే సంవత్సరము డిసెంబరు 16వ తేదిని హైదరాబాదులో సాలారుజంగు ప్రదర్శనశాలను నెహ్రూపండితుడు ప్రారంభించెను. ఒకచోట నూఱేండ్ల వృద్ధునకు సన్మానము, ఇంకొకచోట నవజాతశిశువునకు నామకరణము!

1953 అక్టోబరు 1వ తేదిని ఆంధ్రరాష్ట్ర మేర్పడగా, పట్టణముతోపాటు ప్రదర్శనశాలయు అరవసోదరుల పాలయ్యెను. మద్రాసు పేరు 1996లో చెన్నై యయ్యెను. 2001లో ప్రదర్శనశాలకు నూటయేబది యేండ్లు నిండెను. అన్నదమ్ములు వేఱుపడినపుడు గిన్నెలను, గింజలను పంచుకొందురు గాని, తాతలనాటి జ్ఞాపకములను పంచుకొనుట యెట్లు? అమరావతి రాళ్లు చెన్నపురిలో నుండుట కొందఱికి బాధగా నున్నది. ఆ బాధ న్యాయమైనదే. కాని అచ్చటికి పోయి ఆ ఫలకముల ముందు గడియసేపు నిలిచిన తెలుగువారెందఱు? తమ యూరి చేలలో బయల్పడిన శాసనపురాతిని గట్టుమీద బట్టలుదుకు బండగా చేయక కాపాడినవారెందఱు? మొదటి ప్రశ్నకంటె ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుట కష్టము.

చెన్నపురి ప్రదర్శనశాల నూఱేండ్ల చరిత్ర పల్లెటూరి గ్రంథాలయమునకు చెప్పునది రెండు మాటలు. పులిని చూపి శిలను చదివించిన బాల్ఫరువలె, జనులకు నచ్చినదానితో మొదలిడి, వారికి కావలసినదానిని అందింపవలెనన్నది మొదటిది. పైవారు పెట్టిన రాజమహేంద్రవరపు ప్రదర్శనశాల ఆఱేండ్లకే ఆఱిపోయినది. ఊరివారు చందాలెత్తి, దీపము వెలిగించి, పుస్తకమునకు అట్టవేసి నిలుపుకొన్న గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినది. ఊరివారి మమకారమే సంస్థకు పునాది యన్నది రెండవది. ఇకమీదట ఊరిలో దొరకు తాటాకు పుస్తకము, రాగిరేకు, పాతనాణెము, శిథిలశిల్పము ఏదైనను గ్రంథాలయమున నొక మూల పెట్టి, అది యెవరిదో, ఎచ్చట దొరకెనో ఒక చీటిమీద వ్రాసియుంచినచో, మన పిల్లలు తమ పెద్దల గుర్తులను పరాయి పట్టణములలో వెదకుకొను దుస్థితి తప్పును. అప్పుడు 'చచ్చిన కాలేజి' యను మాట పోయి, ఊరూరను బ్రతికిన విద్యాశాల వెలయును. రజతోత్సవమున కంతకు మించిన మంగళహారతి లేదు.