నాంపల్లిలో అజంతా బ్యాకప్

పోయిన మే నెలలో ఒక ఆదివారం మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని అబిడ్స్ వెళ్ళాను. వాడికి వేసవి సెలవులు, నాకేమో లాప్‌టాప్ మూసెయ్యడానికి ఒక సాకు. పొద్దున్నే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, ఎండ ముదిరేలోపు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం, ఆ తర్వాత తిండి. ఇదీ ప్లాను. దారిలో సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ గురించి చెప్పబోయాను. 1974లో సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది అక్కడేరా అంటే, "ఎండగా ఉంది మామయ్యా" అన్నాడు. నిజమే, ఉంది.

మ్యూజియంలో వాడికి కావలసింది మమ్మీ ఒక్కటే. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ ఈజిప్టు నుంచి కొని తెచ్చి ఏడో నిజాంకి ఇస్తే, ఆయన మ్యూజియానికి ఇచ్చేశాడు. పిల్లలందరూ దాని చుట్టూనే మూగారు. అదయ్యాక అజంతా చిత్రాల గదిలోకి తీసుకెళ్ళాను. మేమిద్దరమే ఉన్నాం, ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏం లేదు. వాడు ఒక బోర్డు చదివి తీర్పు చెప్పేశాడు. "ఇవి కాపీలంట. ఒరిజినల్ కాదు. పద పోదాం."

నేనూ ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఇదే మాట అనుకుని ఇదే గదిలోంచి బయటికొచ్చాను కాబట్టి వాణ్ణి ఏమీ అనలేకపోయాను. కానీ ఆ కాపీల వెనక కథ తెలిశాక, బ్యాకప్‌లు చూసుకుని బతికే మనలాంటి వాళ్ళు ఆ గదిలో కాసేపు నిలబడాల్సిందే అనిపిస్తోంది.

ఇంతకీ అజంతాకి నాంపల్లికి ఏంటి సంబంధం? 1956 నవంబర్ 1 దాకా అజంతా గుహలు హైదరాబాద్ రాష్ట్రంలోవే. ఔరంగాబాద్ జిల్లా నిజాం రాజ్యంలో భాగం. భాషాప్రయుక్త రాష్ట్రాలు వచ్చినప్పుడు మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోకి, అక్కణ్ణించి 1960లో మహారాష్ట్రలోకి వెళ్ళింది. గుహలు అటు పోయాయి, కాపీలు ఇక్కడ మిగిలాయి. మన్మాడ్ వెళ్ళే రైలుకి అజంతా ఎక్స్‌ప్రెస్ అన్న పేరు కూడా మిగిలింది లెండి.

1819 ఏప్రిల్లో, అంటే ఇలాంటి ఎండల్లోనే, జాన్ స్మిత్ అనే ఆంగ్లేయ సైనికాధికారి వేటకొచ్చి ఈ గుహలు చూశాడు. చూసి ఊరుకోకుండా పదో గుహలో బొమ్మ ఉన్న స్తంభం మీద తన పేరు, తేదీ చెక్కాడు. గోడల మీద ప్రేమికుల పేర్లు రాసేవాళ్ళని తిట్టుకుంటాం గానీ, ఆ జబ్బు పాతదే :-)

అప్పటికే రంగులు రాలుతున్నాయి. ఈస్టిండియా కంపెనీ 1844లో మద్రాసు సైన్యంలోని రాబర్ట్ గిల్ అనే అధికారికి బొమ్మలన్నీ కాపీ చెయ్యమని పని అప్పజెప్పింది. ఆయన దాదాపు ఇరవై ఏళ్ళు ఆ లోయలోనే ఉండి పెద్దపెద్ద కాన్వాసుల మీద ఆయిల్ పెయింటింగులు వేసి లండన్ పంపాడు. వాటిలో చాలావరకు అక్కడ క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శనకి పెట్టారు. 1866 డిసెంబర్లో అది అంటుకుంది. ప్రదర్శనలో లేని నాలుగైదు తప్ప అన్నీ బూడిదయ్యాయి. ఇరవై ఏళ్ళ పనికి ఒకే ఒక్క కాపీ, అదీ ఒకే భవనంలో!

రెండోసారి బొంబాయి ఆర్ట్ స్కూల్ నుంచి జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో వచ్చాడు. 1872 నుంచి 1885 దాకా వేశారు. మళ్ళీ లండనే, ఈసారి సౌత్ కెన్సింగ్టన్. 1885లో అక్కడా నిప్పంటుకుని వందకు పైగా బొమ్మలు పోయాయి. ఆ తర్వాత జపాన్ చిత్రకారులు వచ్చి కాపీలు తీసుకెళ్తే, 1923 భూకంపంలో టోక్యోలో అవీ పోయాయి. ఎవరికైనా ఇంత దురదృష్టం ఉంటుందా?

ఇందులో ఇంకో బాధ ఉంది. రంగులు బాగా కనబడాలని కాపీ తీసేవాళ్ళు అసలు చిత్రాల మీదే వార్నిష్ పూశారు. అది కాలక్రమంలో నల్లబడింది. బ్యాకప్ తియ్యబోయి ప్రొడక్షన్ పాడుచెయ్యడం అంటే ఇదే. నేను నవ్వలేను, ఒకసారి మా టీములో అవసరమొచ్చి బ్యాకప్ తెరిస్తే ఖాళీ ఫైలు వచ్చింది. ఆ రాత్రి ఇంకా గుర్తుంది.

హైదరాబాద్ వంతు ఇక్కడొస్తుంది. 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ అజంతాలో కాపీలు వేయించింది. కలకత్తా నుంచి నందలాల్ బోస్, అసిత్ హల్దార్ లాంటి కుర్రాళ్ళు వచ్చారు. హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళలో సయ్యద్ అహ్మద్ ఒకరు. తక్కినవాళ్ళు పని ముగించుకుని వెళ్ళిపోయారు, ఈయన మాత్రం ఆ గుహలకే క్యూరేటర్ అయ్యాడు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీని డైరెక్టర్ని చేసింది. 1920లో ఇటలీ నుంచి చెక్కోని అనే నిపుణుణ్ణి పిలిపించి రాలిపోతున్న పూతని గోడకి అతికించారు. వాళ్ళు వాడిన లక్క పూత కూడా తర్వాత పసుపెక్కింది, అది వేరే సంగతి. యజ్దానీ 1930 నుంచి 1955 దాకా రంగు ఫోటోలతో నాలుగు భాగాల పుస్తకం వేశాడు.

సయ్యద్ అహ్మద్ వేసిన కాపీలు నాంపల్లి గదిలో ఉన్నాయి. అంటే దాదాపు వందేళ్ళ కిందట ఆ గోడ మీద ఒక మనిషి కంటికి ఏం కనబడిందో, ఆ రికార్డు. గోడ మీద ముక్క రాలిపోయిన చోట ఖాళీ వదలాలా, ఊహించి పూరించాలా అని బొమ్మబొమ్మకీ తేల్చుకుంటూ వేసిన రికార్డు. ఇవాళ అజంతా వెళ్ళి మసక వెలుతురులో చూసినా ఆ రోజు గోడ మనకి కనబడదు. ఆ లెక్కన ఇదీ ఒరిజినలే.

మా వాడికి ఇదంతా చెప్తే, "మరి ఇదీ కాలిపోతే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఈ పబ్లిక్ గార్డెన్స్‌లోనే 1938లో మొదలై తర్వాత పక్కన ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మారిన నుమాయిష్‌లో 2019 జనవరి 30 రాత్రి వందకు పైగా స్టాళ్ళు కాలిపోయాయి. నడిచి వెళ్ళే దూరం. నన్నడిగితే ఈ గదిలోని ప్రతి బొమ్మ స్కాన్ పెద్ద సైజులో ఎవరైనా దించుకునేలా నెట్‌లో ఉండాలి. వెయ్యి హార్డ్ డిస్కుల్లో ఉన్నదాన్ని ఏ నిప్పూ ఒకేసారి కాల్చలేదు.

హైటెక్ సిటీ వైపు ఉండేవాళ్ళు అమీర్‌పేటలో మెట్రో మారి అసెంబ్లీ దగ్గరో నాంపల్లిలోనో దిగొచ్చు. పిల్లలుంటే మాత్రం అజంతా గది ముందు చూపించండి. మమ్మీ అయిపోయాక వాళ్ళు ఇక దేని దగ్గరా ఆగరు.