శబ్దలేఖనమున వేగభేదము – దిబ్బూరహళ్ళి సీమ గృహముద్రణములు

పాటకు శ్రుతి తల్లి, లయ తండ్రి యని పెద్దల మాట. ముద్రించు యంత్ర మొక వేగముతోను, వినిపించు యంత్రము వేరొక వేగముతోను నడచినచో ఈ తల్లిదండ్రు లిరువురును ఒక్కమారే దూరమగుదురు. గొంతు మారును, కాలము మారును. పాడినవారి బిడ్డలే యా గొంతును గుర్తింపజాలరు.

చిక్కబళ్ళాపుర జిల్లాలోని దిబ్బూరహళ్ళి, బాగేపల్లి, చింతామణి ప్రాంతములు కర్ణాటక రాష్ట్రమున నుండియు తెలుగు మాటలాడు సీమ. చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన నారేయణ యోగి తెలుగునను కన్నడమునను పదములు రచించిరి. ఇట్టి సీమలో తత్త్వములు, పెండ్లిపాటలు, కోలాటపు పాటలు పుస్తకములందుకంటె పెద్దల కంఠములందే యెక్కువగా నిలుచును. కావున నేడు ఇంటింట ఫోనుతోనో, కంప్యూటరుతోనో జరుగు ముద్రణము వినోదము మాత్రమే కాదు. అది చరిత్రకు ఆధారము. ఆ యాధారమునకు కలుగు దోషములలో వేగభేదము ముఖ్యమైనది. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు.

1902వ సంవత్సరమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను గ్రామఫోను పలకలపై ముద్రించెను. బెంగళూరు నాగరత్నమ్మగారును (1878–1952) ఆ తొలితరమున పలకలకు పాడిన విదుషీమణులలో నొకరు. పలక నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగవలెనను నియమము నాడు స్థిరపడలేదు. 70 చుట్ల దాపున ముద్రించినవియు, 80 చుట్లకు మించినవియు గలవు. 1925 ప్రాంతమున 78 చుట్లు ప్రమాణముగా స్థిరపడెను. 70 చుట్లతో ముద్రించిన పలకను 78 చుట్లతో త్రిప్పినచో శ్రుతి హార్మోనియముపై దాదాపు రెండు మెట్లు పైకి పోవును. ముద్రించిన వేగమును పలకపై వ్రాయనందున అనేక గీతముల నిజశ్రుతిని పరిశోధకులు నేటికిని ఊహింపవలసియే యున్నది.

1963లో ఫిలిప్స్ సంస్థ వెలువరించిన క్యాసెట్టులో టేపు సెకనుకు 1⅞ అంగుళములు నడచునట్లు నిర్ణయింపబడెను. నియమ మున్నను చిక్కు తీరలేదు. బ్యాటరీలు నీరసించిన యంత్రముపై ముద్రించునపుడు టేపు మెల్లగా నడచును. దానినే మంచి యంత్రముపై వినినచో వృద్ధుని గొంతు బాలుని గొంతువలె నుండును.

కంప్యూటరు కాలమున చక్రము పోయి అంకె వచ్చెను. ధ్వనితరంగమును సెకనుకు ఎన్నిమారులు కొలిచి అంకెలుగా వ్రాయుదురో ఆ సంఖ్యకు శాంపిల్ రేటని పేరు. మానవుని చెవి సుమారు 20,000 కంపనములవరకు వినగలదు. దానికి రెట్టింపునకు మించి కొలతలు తీసికొనినగాని ధ్వని సమగ్రముగా దక్కదు. 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కుకు 44,100 కొలతలు నిర్ణయింపబడెను. తొలుత అంకెల శబ్దమును వీడియో టేపుపై దాచెడివారు; చిత్రమునందలి 245 గీతలను, గీతకు 3 కొలతలను, సెకనుకు 60 క్షేత్రములను గుణించగా వచ్చినదే ఆ సంఖ్య. చలనచిత్ర, వీడియో రంగములందు మాత్రము 48,000 స్థిరపడెను. ఈ రెండు ప్రమాణముల నడుమనే నేటి గృహముద్రణములు చిక్కువడుచున్నవి.

దిబ్బూరహళ్ళిలో నొక యింట 60 నిమిషముల భజన 44,100తో ముద్రింపబడినదనుకొందము. కంప్యూటరు దానిని 48,000గా నెంచి వినిపించినచో 55 నిమిషముల 7 సెకనులకే ముగియును. శ్రుతి సుమారు ఒకటిన్నర మెట్టు హెచ్చును. 48,000తో ముద్రించినదానిని 44,100గా వినిపించినచో 65 నిమిషముల 18 సెకనులు పట్టును, గొంతు బొంగురువోవును. పరీక్ష సులభము. భజనలో వాడిన హార్మోనియమునే ప్రక్కన నుంచి చూడవలెను. పాట శ్రుతి ఏ మెట్టుకును కలియక రెండు మెట్ల నడుమ నిలిచినచో దోషము గాయకునిది కాదు, అంకెది. ఇట్టి దోషమున ధ్వని నశింపలేదు. పేరు మాత్రమే తప్పినది. ప్రతిలో వేగపు సంఖ్యను సరిచేసిన చాలును. మూలమును ముట్టరాదు.

రెండవ దోషము వేరు. మొత్తము శ్రుతి సరిగానే యుండి, నడుమ నడుమ చిటచిట చప్పుళ్ళు వినబడినచో ముద్రణయంత్రమునందలి సంఖ్యయు, కంప్యూటరునందలి సంఖ్యయు ఏకము కాలేదేమో చూడవలెను. రెండు యంత్రములును 48,000 అని చెప్పినను వాని గడియారములు సరిగా నొక్కటి గావు. పదివేలలో నొక పాలు భేదమున్నను గంటకు సెకనులో మూడవ పాలు మించి తేడా వచ్చును. గంటసేపు తీసిన చిత్రమున పెదవులకును మాటకును పొత్తు తప్పుట కిదియే కారణము. మూడవది బ్లూటూత్ మైకు: దానిని తగిలించినతోడనే అనేక యంత్రములు 8,000కో 16,000కో దిగిపోవును. అపుడు పోయిన ధ్వని పిమ్మట సంఖ్యను పెంచినను తిరిగి రాదు. ముద్రణమునకు ముందే దానిని తీసివేయుట యొక్కటే మార్గము.

గ్రామఫోను పలకలనాడు వ్రాయక విడిచిన చిన్న సంఖ్యవలన ఒక తరము గొంతులు సందేహమున పడెను. ఆ పొరపాటు మరల జరుగరాదు. గాయకుని పేరు, ఊరు, తేది, శ్రుతి, శాంపిల్ రేటు – ఈ ఐదింటిని ముద్రణము మొదట నోటితో చెప్పి, పిదప కాగితముపై వ్రాసి యుంచవలెను. మొదట శ్రుతిపెట్టె నొక నిమిషము మ్రోగించి ముద్రించిన మరియు మేలు. రేపటివారికి అది కొలబద్ద యగును. పాడిన పెద్దలు మరల పాడుటకు ఉండకపోవచ్చును. వారి గొంతు ఇదియేనని చెప్పుటకు ఆ ఒక్క అంకెయే సాక్షిగా నిలుచును.