పచ్చ సిరా సంతకం

వంటింటి పనులు ఒక కొలిక్కి తెచ్చుకుని ఇలా నాలుగు మాటలు విందామని కూర్చున్న వేళ, నేను సిరా గురించి మాట్లాడతానంటే "ఇదేం విషయమమ్మా, మనకెందుకు?" అంటారేమో. అందునా ఆకుపచ్చ సిరా! కాని ఒక్కసారి మీ ట్రంకు పెట్టె తీసి చూడండి. పిల్లల స్కూలు సర్టిఫికెట్టు నకలో, మీవారి ఉద్యోగం కాగితమో, ఏదో ఒకదాని మీద గెజిటెడ్ ఆఫీసరుగారి పచ్చ సంతకం కనిపిస్తుంది. ఆ పచ్చ రంగుకి పెద్ద చరిత్రే ఉంది. దానితో మా అమ్మకు ఒక పేచీ కూడా ఉంది. ముందు చరిత్ర చెబుతాను, పేచీ సంగతి తర్వాత.

మా పుట్టిల్లు హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండ దగ్గర. మా చిన్నప్పుడు నాన్నగారి వేలు పట్టుకుని చార్మినార్, పత్తర్‌గట్టీ దాటి చత్తా బజారుకు వెళ్తే, అక్కడ ఉర్దూ ఖుష్‌నవీసులు, అంటే అందంగా రాసేవాళ్లు, రెల్లు కలాలతో పెళ్లి శుభలేఖలు రాస్తూ కనిపించేవారు. 1994లో ఉర్దూ అక్షరాలు కూర్చే ఇన్‌పేజ్ అనే కంప్యూటరు ఏర్పాటు వచ్చాక ఆ కలాలు చాలావరకు మూలపడ్డాయి. ఆ బజారులో సిరాకు రెండు పేర్లు వినిపించేవి. ఒకటి సియాహీ, అంటే నలుపు. రెండోది రోష్నాయీ, అంటే వెలుగు. నల్లటిదానికి వెలుగని పేరు పెట్టడం ఎంత ముచ్చటగా ఉందో చూశారా! పచ్చ సిరా కావాలంటే మాత్రం "హరీ సియాహీ" అనాలి. అంటే పచ్చ నలుపు అన్నమాట!

మాటలో ఉన్న ఈ చిక్కు సిరా తయారీలోనూ ఉంది. నల్ల సిరా చేయడం తేలిక. దీపం మసీ, తుమ్మజిగురూ ఉంటే చాలు. ఇంకా గట్టిది కావాలంటే కరక్కాయగాని, మాచికాయగాని కాచి, అందులో అన్నభేది కలిపేవారు. అన్నభేది ఇనుము ఉప్పు. ఆ సిరా రాసినప్పుడు పలచగా ఉండి, గాలి తగిలిన కొద్దీ నల్లబడి కాగితంలోకి దిగిపోతుంది. కడిగినా ఒక పట్టాన వదలదు.

మరి పచ్చ ఎక్కణ్ణించి వస్తుంది? అది మీకు తెలిసిన చోటు నుంచే. రాగి చెంబును చింతపండుతో తోమి సరిగా కడగకపోతే మర్నాటికి పచ్చగా చిలుము పడుతుంది కదూ? పూర్వం రాగిరేకులకు పులిసిన వెనిగర్ తగిలేలా చేసి, పట్టిన చిలుమును గోకి రంగు చేసేవారు. పారసీకంలో దాన్ని జంగార్ అంటారు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో దక్కను చిత్రకారులకు దారి చూపింది ఆ పారసీక పద్ధతులే. అయితే ఈ జంగారుకు ఒక దుర్గుణం ఉంది. ఏళ్లు గడిచిన కొద్దీ అది కాగితాన్ని తినేస్తుంది. పచ్చ గీత గీసినంత మేరా కాగితం గోధుమరంగుకు తిరిగి, పెళుసై, విరిగి రాలిపోతుంది. అందుకని పారసీక చిత్రకారులు అందులో కాస్త కుంకుమపువ్వు కలిపేవారు. ఈ మధ్యకాలంలో శాస్త్రజ్ఞులు పరీక్షించి చూస్తే, కుంకుమపువ్వు నిజంగానే ఆ తినేసే గుణాన్ని తగ్గిస్తుందని తేలింది. మన వంటింటి చిట్కాల్లాంటిదే, చూశారా!

తర్వాత కాలం మారింది. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు తారు నుంచి ఊదారంగు తీశాడు. 1877లో జర్మనీలో ఓటో ఫిషర్ మాలకైట్ గ్రీన్ అనే పచ్చరంగు కనిపెట్టాడు. దాంతో చిలుము బాధ తీరింది. కాగితాన్ని తినని, పాళీలో సులువుగా పారే పచ్చరంగులు చౌకగా దొరకసాగాయి. 1884లో వాటర్‌మన్ ఫౌంటెన్ పెన్నుకు పేటెంటు పుచ్చుకున్నాడు. మన దేశంలో 1931లో బొంబాయిలో దండేకర్ సోదరులు గుర్రం మార్కు ఇంకుపొడీ, బిళ్ళలూ మొదలుపెట్టారు. కేమెల్ సిరా వాళ్లదే. 1934లో బెంగాలులో మైత్రా సోదరులు స్వదేశీ దీక్షతో సులేఖ సిరా తెచ్చారు. మన రాజమండ్రిలో రత్నంగారు 1932లో పెన్నులు చేయడం ప్రారంభించారు. గాంధీగారు ఆయన పెన్ను అందుకుని 1935లో ఉత్తరం రాశారు. బ్రిల్, చెల్‌పార్క్ సీసాలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఇక పచ్చ సిరాకు ఇంత దర్జా ఎలా వచ్చింది? ఆఫీసు ఫైలు అంటే పదిమంది రాసే కాగితం. ఎవరు ఏం రాశారో చూడగానే తెలియాలంటే రంగులు వేరుగా ఉండాలి. కేంద్ర సచివాలయం పద్ధతుల పుస్తకం ప్రకారం మామూలుగా రాయడానికి నీలం లేదా నలుపు వాడాలి. పచ్చగాని ఎరుపుగాని జాయింట్ సెక్రటరీ, ఆ పైవాళ్లు మాత్రమే, అదీ అరుదుగా, వాడవచ్చు. గెజిటెడ్ అధికారులంతా పచ్చతోనే సంతకం పెట్టాలన్నది మాత్రం అలా అలా పాతుకుపోయిన ఆచారం. ఇతర దేశాల్లోనూ ఈ గౌరవం ఉంది. జర్మనీలో ఫైలు మీద పచ్చరంగు మంత్రిగారిది. ఇంగ్లండు రహస్య గూఢచారి శాఖకు మొదటి అధిపతి కమింగ్ 1909 నుంచీ పచ్చ సిరాతో 'సి' అని సంతకం పెట్టేవాడు. ఆ తర్వాత వచ్చిన అధిపతులూ అదే ఆనవాయితీ పాటిస్తూ వచ్చారు.

ఇప్పుడు మా అమ్మ పేచీ చెబుతాను. 1978లో నాన్నగారు పోయారు. ఫ్యామిలీ పెన్షను కోసం మా తమ్ముడి పుట్టినతేదీ కాగితం టైపు చేయించి, ఒక అధికారిచేత పచ్చ సంతకం పెట్టించుకుంది అమ్మ. ఆ వానాకాలం మా మిద్దె కురిసి ట్రంకు పెట్టె తడిసింది. కాగితం ఆరబెట్టి చూస్తే టైపు అక్షరాలు నిక్షేపంలా ఉన్నాయి. గుమాస్తా బ్లూబ్లాకుతో వేసిన నంబరూ ఉంది. సంతకం ఉన్నచోట మాత్రం లేతాకుపచ్చ మరక మిగిలింది. ఆఫీసులో "సంతకం ఏదమ్మా?" అన్నారు. అమ్మ మరక చూపించింది. వాళ్లు తల అడ్డంగా ఊపారు. మూడుసార్లు తిరిగింది, పెన్షను రెండు నెలలు ఆలస్యమైంది. ఆ రెండు నెలలూ ఇల్లెలా గడిచిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మళ్లీ సంతకానికి వెళ్లినప్పుడు అమ్మ మెల్లిగా అడిగిందట: "అయ్యా, ఈ సిరా నీళ్లకు నిలుస్తుందా?" ఆయన నవ్వి, బ్లూబ్లాకుతో సంతకం చేసి, కింద పచ్చతో తేదీ వేశారు. "ఇది నీ కోసం, అది ఆఫీసు కోసం" అన్నారట.

అప్పటినుంచి మా ఇంట్లో పచ్చ సిరా కొంటే అమ్మ పరీక్ష జరగాల్సిందే. పత్తర్‌గట్టీలో చీర కొనేటప్పుడు దుకాణం దీపాల కింద చూసి నమ్ముతామా? గుమ్మంలోకి తెచ్చి ఎండలో చూస్తాం. సిరా కూడా అంతే. ముందు పగటి వెలుతురులో చూడండి. చిలకపచ్చ సీసాలో కంటికింపుగా ఉంటుంది, కాగితం మీద వెలవెలబోతుంది, పెద్దవాళ్లు చదవలేరు. ముదురాకుపచ్చ అయితే రాతకు నయం. తర్వాత రెండు గీతలు గీసి, ఆరాక ఒకదాని మీద నీటిచుక్క వేసి, నిమిషం ఆగి అద్దండి. రెండో గీతను సగం పుస్తకం కింద దాచి, సగం కిటికీలో ఎండకు నెలరోజులు ఉంచండి. రెండు సగాలూ పోల్చి చూస్తే దాని బండారం బయటపడుతుంది. అద్దుడు కాగితం మీద చుక్క వేసి నీరు తగిలిస్తే చాలా పచ్చ సిరాలు పసుపుగా, నీలంగా విడిపోతాయి. ఆ రెంటిలో ఒకటి ముందు వెలిసిపోతే రాత రంగే మారిపోతుంది. ఇంకో మాట. రెండు కంపెనీల సిరాలు కలపకండి, మడ్డి కట్టవచ్చు. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు ఫౌంటెన్ పెన్నులో పోయకండి, పాళీ పూడుకుపోతుంది. రంగు మార్చేముందు పెన్ను మంచినీళ్లతో కడగండి.

2014లో కేంద్ర ప్రభుత్వం చాలా దరఖాస్తులకు మన సంతకం మనమే పెట్టుకుంటే చాలంది. పచ్చ సంతకం కోసం ఆఫీసర్ల వరండాల్లో నిలబడే బాధ చాలామందికి తప్పింది. ఇవాళ ఆ కాగితం కింద సంతకం మీదే. మరి మీ పేరుకు ఏ సిరా వాడతారు? పిల్లల పుట్టినరోజు చీటీకో, చెల్లెలికి రాసే ఉత్తరానికో ముచ్చటగా పచ్చ సిరా వాడండి, ఎంతో అందం. ఇంటిపత్రం, బ్యాంకు కాగితం, పెన్షను కాగితం దగ్గర మాత్రం నీటికి నిలిచే నలుపో, బ్లూబ్లాకో వాడండి. దర్జా రంగుది కాదు, పెట్టిన చేతిది. నిలకడ మాత్రం సిరాదే.

మా అమ్మ ఆ మరక కాగితం పారెయ్యలేదు. అది ఇప్పటికీ నా దగ్గరే, ఈసారి ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది. సెలవు.