నేలలో దాగిన పంట: ఆపత్కాలంలో ఆదుకొనే దుంపలు

‘కరువులో అధికమాసం’ అన్న సామెత సరిహద్దు పల్లెలకు అనుభవంలో ఉన్నదే. పంట పోయిన ఏడాదే దారి తెగుతుంది, దారి తెగిన వారమే దుకాణం మూతపడుతుంది. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడిమామిడి తోటలను కూల్చింది. ఆవల ఒడిశాలోని గజపతి జిల్లాకు వరదలను, కొండచరియల విపత్తును తెచ్చింది. 2020 ఏప్రిల్‌లో కరోనా కట్టడి పేరిట వేలూరు జిల్లా అధికారులు చిత్తూరు జిల్లా వైపు దారులకు అడ్డంగా గోడలు కట్టించి, విమర్శలు రాగా తొలగించారు. ఇటువంటి రోజులలో ఇంటికి ఆధారమయ్యేది పెరటి మట్టిలో ముందుగా దాచుకున్న ఆహారమే.

పాతర నుండి దుంప వరకు

ధాన్యాన్ని నేలలో దాచడం దక్షిణ దేశంలో ప్రాచీనమైన ఆచారం. గట్టి నేలలో గొయ్యి తవ్వి, ధాన్యం నింపి, గాలి చొరకుండా మూసివేసే దానిని తెలుగువారు పాతర అన్నారు; కన్నడిగులు హగే, హగేవు అన్నారు. 1800-01లో మైసూరు సీమలో పర్యటించిన ఫ్రాన్సిస్ బుకానన్ రాగులను ఈ విధంగా నిలువ చేసే పద్ధతిని తన గ్రంథంలో వివరించాడు. బళ్ళారి, కర్నూలు, కడప సీమలను ధ్వంసం చేసిన 1876-78 నాటి ధాత కరువు వంటి విపత్తులలో పాతరలో గింజ మిగిలిన ఇంటికీ, మిగలని ఇంటికీ ఉన్న తేడా బ్రతుకుకూ చావుకూ ఉన్న తేడా.

అయితే పాతర నిండాలంటే ముందు పంట పండాలి. దుంపకు ఆ నియమం లేదు. అది పెరిగిన చోటే నిలువ ఉంటుంది. గాలివాన తీగను తెంచవచ్చు, మిడుతలు ఆకును మేయవచ్చు. మట్టిలోని దుంప మాత్రం చాలావరకు మిగులుతుంది. కంద ఆకు పండి రాలిన తరువాత నేలపై ఆనవాలు కూడా మిగలదు. కనుకనే పెద్దలు పాదు పక్కన గుర్తుకు ఒక రాయి పాతేవారు.

తిరువాన్కూరు నేర్పిన పాఠం

దక్షిణ అమెరికా నుండి వచ్చిన కర్రపెండలాన్ని తిరువాన్కూరులో 1880-85 మధ్య ఏలిన విశాఖం తిరునాళ్ మహారాజు ప్రోత్సహించాడు. 1942లో బర్మా జపాను వశమై అక్కడి బియ్యం దిగుమతి నిలిచిపోయినప్పుడు తిరువాన్కూరు పేద కుటుంబాలకు ఈ దుంపే ప్రధానాహారమైంది. దశాబ్దాల ముందు నాటిన అలవాటు ఆపదనాడు అక్కరకు వచ్చింది. నేడు సేలం ప్రాంతంలోను, యానాంకు చేరువలోని పెద్దాపురం, సామర్లకోట ప్రాంతాలలోను ఇదే దుంపతో సగ్గుబియ్యం తయారవుతున్నది.

పెరటికి తగిన నాలుగు దుంపలు

చిలగడదుంప: రాయలసీమలో గెనుసుగడ్డ, కన్నడంలో గెణసు, తమిళంలో సర్కరైవళ్ళి, మరాఠీలో రతాళే. ఒడియాలో దీనిని కందమూళ అంటారు. ఆ మాట విని మన కంద అనుకొని పొరబడరాదు. జానెడు తీగ ముక్కలను బోదెలపై నాటితే నాలుగు నెలలలోపు దుంప అందుతుంది. లేత ఆకు కూరకు, తీగ పశువులకు పనికివస్తాయి. కాలం మించి నేలలో ఉంచితే ముక్కుపురుగు పడుతుంది.

కంద: కన్నడంలో సువర్ణగెడ్డె, తమిళంలో చేనైక్కిళంగు, ఒడియాలో ఓలువ, మరాఠీలో సురణ్. మొలక ఉన్న అరకిలో ముక్కను పేడనీటిలో ముంచి, ఆరబెట్టి, మూడడుగుల ఎడంలో వేసవి చివర నాటాలి. ఎనిమిది, తొమ్మిది నెలలకు ఆకు రాలుతుంది. తరువాత వేసవి ఎండలకు మళ్ళీ మొలకెత్తే వరకు దుంపను నేలలోనే ఉంచవచ్చు. తూర్పు గోదావరి జిల్లా కొవ్వూరు నుండి వెలువడిన ‘గజేంద్ర’ రకానికి దురద తక్కువ. పాదుకు రెండు కిలోల చొప్పున వచ్చినా పది పాదులకు ఇరవై కిలోలు.

పెండలం: కంచె వెంట, చెట్టు మొదట ప్రాకించుకొనే తీగ. పావుకిలో ముక్కను తొలకరికి నాటితే సంక్రాంతి తరువాత తవ్వుకోవచ్చు. తవ్విన దుంప నీడలో, గాలి తగిలే చోట కొన్ని నెలలు చెడకుండా ఉంటుంది.

కర్రపెండలం: కన్నడంలో మరగెణసు, తమిళంలో మరవళ్ళి. జానెడు కర్ర ముక్కను నిలువుగా రెండంగుళాల లోతున గుచ్చితే చాలు. మెట్టనేలకు, వానకొరతకు ఓర్చుతుంది. ఎనిమిది నుండి పది నెలలకు దుంప ఊరుతుంది. మరికొన్ని నెలలు తవ్వకపోయినా పీచు పెరగడమే కాని పూర్తిగా పాడవదు. ధాన్యం గాదె అడుగంటే ఆషాఢ శ్రావణాలకు ఇదే ఆధారం. తవ్విన తరువాత మాత్రం రెండు మూడు రోజులలో వండుకోవాలి.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

కర్రపెండలంలో సైనైడు అనే విషాన్ని పుట్టించే పదార్థం ఉంటుంది. పచ్చిగా తినరాదు, పిల్లలను తిననీయరాదు. తొక్క తీసి, ముక్కలు చేసి, ఎక్కువ నీటిలో మూత లేకుండా ఉడికించి, ఆ నీటిని పారబోయాలి. చేదుగా ఉన్న దుంపను వదిలివేయాలి. పిండిమిల్లుల కోసం పెంచే రకాలలో చేదు ఎక్కువగా ఉండవచ్చు కనుక కర్ర తెచ్చుకొనేటప్పుడే వంటకు పనికివచ్చే రకమేనా అని అడగాలి. పచ్చి ఆకును మేకలకు, పశువులకు వేయరాదు. కందను చింతపండుతో ఉడికిస్తే దురద తగ్గుతుంది. అడవి దుంపలలో కొన్ని విషపూరితాలు; తరతరాలుగా వాటిని శుద్ధి చేసి తింటున్న గిరిజనుల వద్ద నేర్చుకోకుండా ఎవరూ ప్రయోగం చేయరాదు.

నీరు నిలిచే చోట ఏ దుంపైనా కుళ్ళుతుంది. చేమ ఒక్కటే తడిని ఓర్చుకొంటుంది. అందువలన తుపాను ప్రాంతాలలో మెరక మీదనే నాటాలి. మనుషుల కంటికి కనబడని పంట పందికొక్కుకు, అడవిపందికి కనబడుతుంది. ఇంటి గోడ వారనే దుంపకు చోటివ్వడం మేలు. దుంప కడుపు నింపుతుంది కాని మాంసకృత్తులు అందులో స్వల్పం. కంచె మీద కంది, పెరటిలో మునగ కూడా ఉంటేనే పిల్లల ఎదుగుదలకు లోటు రాదు.

విత్తనం, వివేకం

ఎంత ఆకలి ఉన్నా నాటుకు కావలసిన ముక్కలు తీసి పక్కన పెట్టిన తరువాతనే వండుకోవడం పాతకాలపు ఇళ్ళలోని నియమం. కర్రపెండలం కాండాన్ని, చిలగడ తీగను నీడలో బ్రతికించి పొరుగువారికి కూడా పంచేవారు. ఒక ఇంట విత్తనం పోతే మరొక ఇంటి నుండి తిరిగి వచ్చేది. ఈ పంటను దాచేది వానకు, గాలికి, కరువుకు చిక్కకుండానే గాని పొరుగువారికి తెలియకుండా కాదు.

ఏ దుంపను ఎప్పుడు తవ్వాలో, ఎలా ఉడికించాలో తెలిసినవారు ఇంటింటా తగ్గిపోతున్నారు. రాబోయే తొలకరికి పది పాదులు తవ్వే పనిలో అవ్వ పక్కన మనవడిని కూడా కూర్చోబెడితే దుంపతోపాటు ఆ తెలివి కూడా నాటినట్లే.