మైకోప్లాస్మా ఓవిస్ (మేకల రక్తవ్యాధి)

మైకోప్లాస్మా ఓవిస్ అనేది మేకలు, గొర్రెల ఎర్ర రక్తకణాలను పైనుంచి అంటిపెట్టుకుని బతికే సూక్ష్మజీవి. రక్త పరాన్నజీవి అని పిలవడం వాడుకే గానీ, నిజానికిది కణకవచం లేని బాక్టీరియా. ఈ పొరపాటు పేరులోనే మొదలైంది. 1928లో జర్మన్ రక్తశాస్త్రవేత్త విక్టర్ షిల్లింగ్ ఎలుకల్లో ఈ కోవ జీవిని వర్ణించి ఎపెరిథ్రోజూన్ అన్నాడు. గ్రీకులో ‘ఎర్రకణం మీది జంతువు’ అని అర్థం. ‘మీది’ సరిపోయింది, ‘జంతువు’ సరిపోలేదు. గొర్రెల్లోని రకాన్ని 1934లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు వర్ణించారు. 2004లో శాస్త్రవేత్తలు నీమార్క్, హాఫ్, జర్మనీలోని హానోవర్ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన గాంటర్ కలిసి, జన్యు పోలికలను బట్టి దీన్ని కణకవచం లేని బాక్టీరియాలైన మైకోప్లాస్మాల్లో చేర్చారు.

ఈ జీవి తగులుకున్న కణం పొర దెబ్బతింటుంది. అలాంటి కణాలను ప్లీహం ఏరి నాశనం చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మేక రక్తంలో ఎర్రకణాల వాటా 22 నుంచి 38 శాతం. జబ్బు ముదిరితే అది బాగా పడిపోతుంది. కనురెప్ప లోపలి పొర పాలిపోతుంది, మేక మందలో వెనకబడుతుంది, చిక్కిపోతుంది. తీవ్రమైతే కామెర్లు, ఎర్రటి మూత్రం కనిపిస్తాయి. ఈ జీవి రక్తంలోని గ్లూకోజునూ వాడుకుంటుంది. మేకపిల్లలకు, మేత చాలనివాటికి ముప్పు ఎక్కువ. పెద్ద మేకలు చాలావరకు పైకి ఏ లక్షణమూ లేకుండా దీన్ని మోస్తూ తిరుగుతాయి. కడుపులో రక్తం పీల్చే నట్టలూ కనురెప్పను ఇలాగే తెల్లబరుస్తాయి కాబట్టి నింద వాటి మీదికే పోతుంది. నట్టల మందు పోసినా మేక తేరుకోకపోతే అప్పుడు గానీ రక్తపరీక్ష గుర్తుకు రాదు.

ఆ పరీక్షకు వాడే రంగు కూడా జర్మనీదే: హాంబర్గ్‌లో గుస్టావ్ గీంజా 1904లో ప్రకటించినది. రక్తం తీసిన వెంటనే గాజుపలక మీద పూత పుయ్యాలి, ఆలస్యమైతే జీవులు కణాల నుంచి ఊడిపోతాయి. చిక్కేమిటంటే, రెప్పలు తెల్లబడే నాటికి రక్తంలో వాటి సంఖ్య తగ్గిపోయి ఉండవచ్చు. అందుకే జీవి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష మేలు.

రక్తం పీల్చే ఈగలు, దోమలు, పేలు, పిడుదులతో పాటు, మార్చకుండా వాడే సూది, చెవికి ట్యాగు వేసే పనిముట్టు కూడా దీన్ని మేక నుంచి మేకకు చేరుస్తాయి. ఇక చికిత్సకు వస్తే, పెన్సిలిన్ కణకవచం మీద పనిచేసే మందు; లేని కవచాన్ని అదేం చేస్తుంది? ఆక్సీటెట్రాసైక్లిన్‌తో జబ్బు తగ్గుతుంది, కానీ జీవి రక్తంలోంచి పూర్తిగా పోదు.