లండను సభ, మన యింటి బంగారము

1933వ సంవత్సరము జూను 12వ తేదీన లండను నగరములో 66 దేశముల ప్రతినిధులు ఒక్కచోట సమావేశమైరి. అయిదవ జార్జి చక్రవర్తి సభను ప్రారంభించెను. బ్రిటిషు ప్రధానమంత్రి రాంసే మాక్డొనాల్డు అధ్యక్షత వహించెను. ఆ భవనము భూగర్భశాస్త్ర ప్రదర్శనశాలకై కొత్తగా కట్టినది. రాళ్లను, శిలాజములను అందు సర్దకమునుపే లోకములోని మంత్రులెల్లరు వచ్చి కూర్చుండిరి. ధరలు, సుంకములు, నాణెములు వారి చర్చనీయాంశములు. జూలై 27వ తేదీన సభ ముగిసెను. తలపెట్టిన పెద్దపనులలో ఒక్కటియు నెరవేరలేదు. ఆ వైఫల్యమునకు కారణమేమి? దానితో మన పల్లెలకు గల సంబంధమేమి? ఈ రెంటిని గూర్చి కొంత ముచ్చటింతము.

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కూలిన సంగతి శ్రోతలెరుగుదురు. ఒక నగరమున బజారు పడిపోయినంతమాత్రమున లోకమంతయు పడిపోవలెనని లేదు. ఆపైని ఒక్కొక్క దేశము తన గడప తాను కాపాడుకొనుటకై చేసిన పనులే ఎక్కువ చేటు తెచ్చినవని మేము తలంతుము. 1930 జూనులో అమెరికా అధ్యక్షుడు హూవరు, వేయిమందికి మించిన అర్థశాస్త్రజ్ఞులు వలదని మొరపెట్టినను వినక, దిగుమతి సుంకములను పెంచు చట్టముపై సంతకము చేసెను. స్మూటు, హాలీ అను ఇరువురు శాసనసభ్యుల పేర అది ప్రసిద్ధమైనది. కెనడా బదులు సుంకము వేసెను; ఇతరులును అదే త్రోవ పట్టిరి. 1931 మే నెలలో వియన్నాలోని పెద్ద బ్యాంకు క్రెడిట్ అన్‌స్టాల్టు దెబ్బతినెను. పొరుగు రాజ్యములు చేయి కలిపి దానిని నిలబెట్టవలసిన తరుణమున రాజకీయపు షరతులు అడ్డువచ్చెను. ఆ అలజడి జర్మనీకి, అటనుండి లండనుకు ప్రాకెను. 1929 జనవరిలో సుమారు 300 కోట్ల బంగారు డాలర్లుగా నుండిన నెలసరి ప్రపంచవ్యాపారము 1933 జనవరి నాటికి 100 కోట్లకు దిగెనని నానాజాతి సమితి లెక్కలు తెలుపుచున్నవి.

ఈ అంకెలు మన కృష్ణా గోదావరి డెల్టాలలో మరియొక రూపమున కానవచ్చెను. ధాన్యము ధర ఆ నాలుగేండ్లలో సుమారు సగమునకు పడిపోయెను. బర్మా బియ్యము చౌకగా వచ్చి మదరాసు రాజధాని రేవులలో దిగుచుండెను. ధర సగమైనను శిస్తు సగము కాలేదు, షావుకారు పద్దు సగము కాలేదు. పది బస్తాలమ్మి తీర్చిన బాకీకి ఇరువది బస్తాలు కావలసివచ్చెను. ఇరువది బస్తాలు లేనివాడేమి చేయగలడు?

1931 సెప్టెంబరు 21వ తేదీన ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచెను. మన రూపాయిని 18 పెన్నీల వంతున పౌనునకు కట్టియుంచిరి గనుక పౌనుతోపాటు రూపాయియు దిగెను; రూపాయలలో బంగారము వెల పెరిగెను. అప్పుడు మొదలయ్యెను ఇండ్లనుండి బంగారము కదలుట. కాసులపేరు, వడ్డాణము, నానుతాడు కరగి కడ్డీలై బొంబాయి చేరి, ఓడలెక్కి లండనుకు పోయెను. ఆ దశాబ్దము ముగియునప్పటికి దేశము దాటిన బంగారము వెల 300 కోట్ల రూపాయలకు మించెను. ఎగుమతిని ఆపుడని మన నాయకులు కోరిరి, ప్రభుత్వము అంగీకరింపలేదు. వెల బాగున్నందున ప్రజలు లాభమునకే అమ్ముకొనుచున్నారని అధికారులు వాదించిరి. కలిగినవారి విషయమున అది కొంత నిజము. ఇల్లాలి మెడలోని నగ ఊడదీసి శిస్తు కట్టినవానిని లాభము పొందినవాడనుట మాత్రము మాకు సమ్మతము కాదు.

ఇక లండను సభను గూర్చి. వ్యాధి యేదో అందరికిని తెలియును. ఎవరి మందు వారికి ముందుగా కావలెను. యుద్ధఋణముల మాట సభలో ఎత్తరాదని అమెరికా ముందే కోరియుండగా మాక్డొనాల్డు తొలి యుపన్యాసముననే దానిని ఎత్తెను. ఫ్రాన్సు మొదలగు బంగారు ప్రమాణపు దేశములు నాణెముల మారకపు విలువను స్థిరపరచినగాని తక్కిన మాట వలదనెను. జర్మనీ మంత్రి హ్యూగెన్‌బర్గు వలసరాజ్యములు కావలెనని పత్రము సమర్పించి నవ్వులపాలయ్యెను. సుంకములు తగ్గింపవలెనని ఓడయెక్కిన అమెరికా మంత్రి కార్డెల్ హల్, అందుకు కావలసిన బిల్లును తమ అధ్యక్షుడు శాసనసభకు పంపడని నడిసముద్రములో వినెను. రిక్తహస్తములతో విందునకు వచ్చిన వానివలె నుండెను ఆయన స్థితి.

జూలై 3వ తేదీన రూజ్వెల్టు అధ్యక్షుని సందేశము వచ్చెను. మారకపు విలువల ఏర్పాటు తమకు సమ్మతము కాదని, ఏ దేశమునకైనను తన యింటి ఆర్థికారోగ్యమే ముఖ్యమని దాని సారము. సభ అంతటితో నీరుకారిపోయెను. రూజ్వెల్టు చేసినది సరియేనని కెయిన్సు పండితుడు వ్రాసెను. పడిపోవుచున్న ధరలను పైకెత్తదలచిన వానిని బంగారమునకు కట్టివేయరాదనుట న్యాయమే. అయినను మరియొక మార్గము చూపక తలుపు మూయుట వేరు సంగతి. ఆ సభలో మిగిలిన కొద్ది ఫలములలో వెండి ఒడంబడిక యొకటి: నాలుగేండ్లలో 14 కోట్ల ఔన్సులకు మించి వెండి అమ్మబోనని భారతప్రభుత్వము మాట యిచ్చెను. అమెరికా వెండిగనుల యజమానులు సంతోషించిరి. మన ధాన్యము మాట ఎత్తినవారెవరు? ప్రతినిధులను నియమించినదే ఆంగ్లప్రభుత్వము.

పదునొకండేండ్లు గడచిన పిదప, మహాయుద్ధము ఇంకను సాగుచుండగనే 1944 జూలైలో 44 దేశములు అమెరికాలోని బ్రెట్టన్‌వుడ్సులో కూడి అంతర్జాతీయ ద్రవ్యనిధిని, ప్రపంచబ్యాంకును నిర్మించెను. ఆపదలోనున్న దేశము తలుపులు మూసికొనకుండ నిధినుండి అప్పు పొందవచ్చునను ఏర్పాటు లండను పాఠమునుండి పుట్టినదే. ఈసారి చింతామణి దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి, ఏ. డి. ష్రాఫ్ మనవారిలో నుండిరి. యుద్ధకాలమున మనము సరకులిచ్చి తెచ్చుకొన్న పౌనులు, 1,000 కోట్ల రూపాయలకు మించినవి, లండనులో నిలిచియుండెను. ఆ సరకుల కొరతయు, ధరల పెరుగుదలయు 1943 నాటి వంగదేశపు కరవులో ఎంత పని చేసెనో లోకమెరుగును. బ్యాంకులో పదిలక్షల డాలర్లుండియు టాక్సీ కూలికి చిల్లర లేనివాని గతి మాదని ష్రాఫ్ సభలో చెప్పెను. అది రెండు దేశముల నడుమ తేలవలసినదని బ్రిటిషువారనిరి. 1947 ఆగస్టు మొదలుకొని కుదిరిన ఒప్పందములతో ఆ సొమ్ము విడతలుగా వచ్చెను.

1991 జూలైలో బంగారము మరల లండను త్రోవ పట్టెను. పాములపర్తి వేంకట నరసింహారావు ప్రధానియై నెల తిరుగకమునుపే రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నులను తాకట్టునకై విమానములలో పంపి 40 కోట్ల డాలర్లు తెచ్చెను. ఆ యేడాదిలోనే తాకట్టు విడిపించిరి. 2008 నాటి ఉపద్రవము పిదప 2009 ఏప్రిల్‌లో ఇరువది పక్షముల నాయకులు అదే లండనులో కలిసి, ద్రవ్యనిధి వనరులను 75,000 కోట్ల డాలర్లకు పెంచుటకు ఒప్పుకొనిరి. ఆ అక్టోబరులో ద్రవ్యనిధి అమ్మజూపిన 200 టన్నుల బంగారమును మన రిజర్వు బ్యాంకు కొనెను.

2025 ఆగస్టు 27వ తేదీన మన సరకులనేకములపై అమెరికా సుంకము నూటికి 50కి చేరెను. 1930 నాటి చట్టము పేరు పత్రికలలో మరల కానవచ్చెను. ధాన్యము పండిన ఆ డెల్టాలోనే ఇప్పుడు రొయ్యల చెరువులున్నవి. వాని సరకునకు పెద్ద బజారు అమెరికాయే. భీమవరము ప్రాంతపు రైతులు వాషింగ్టను వార్తకై చెవియొగ్గి, చెరువు పట్టుటయా, ఆగుటయా అని తర్కించుకొనిరి.