కావలివాండ్రకు చదువు చెప్పిన టీకా

మన శరీరమునకు రక్షణ రెండు విధములు. రోగబీజము లోన జొరబడగనే తొలుత నెదిరించునవి కొన్ని తెల్లకణములు. అవి కోటవాకిట నిలిచిన కావలివాండ్ర వంటివి. వచ్చినది ఏ శత్రువైనను కలియబడును. పిదప వచ్చు సైన్యము వేరు. అది ఒక్కొక్క శత్రువును ఆనవాలు పట్టి, మరల వచ్చినప్పుడు గుర్తించి కొట్టును. జ్ఞాపకము ఈ సైన్యమునకే గాని కావలివాండ్రకు లేదని వైద్యులు చిరకాలము తలచిరి. ఆ తలపు సడలిన చరిత్రను, అందు ఈడు మీరిన మనకు గల ప్రయోజనమును విన్నవించెదను.

ఫ్రాన్సు దేశమున లీల్ పట్టణమందు కాల్మెట్ అను వైద్యుడును, గెరిన్ అను పశువైద్యుడును పశువుల క్షయబీజమును, ఎద్దుపిత్తముతో నుడికించిన బంగాళాదుంపలపై, 1908 మొదలు 13 ఏండ్లు, 230 మారులు మార్చి మార్చి పెంచి, దాని విషము విరిచిరి. 1921లో పారిసునందు, తల్లి క్షయతో మరణింపగా క్షయరోగియైన అవ్వ చెంత పెరుగవలసిన ఒక శిశువునకు దానిని త్రాగించిరి. వారి పేర వెలసిన బి.సి.జి. టీకా యదియే. 1948లో మన మదనపల్లెలోను దానిని వేయనారంభించిరి.

స్వీడను ఉత్తరప్రాంతమున 1927 మొదలు శిశువులకు దానిని ఇచ్చిన నేస్లుండ్ అను వైద్యుడు ఒక వింత కనుగొనెను. టీకా పొందిన శిశువులలో మరణములు మిగుల తగ్గినవి. క్షయ యొక్కటి తగ్గుటచే అంత తగ్గుదల కలుగదు. ఇతర రోగములనుండియు ఆ టీకా కాపాడుచున్నదా?

కారణము 2012లో కొంత తేటపడెను. నెదర్లాండ్సు దేశమందలి నెటేయా బృందము, టీకా పొందిన నెలల పిదప గూడ కావలికణములు అన్యరోగబీజములను మునుపటికంటె చురుకుగా నెదిరించుట చూచెను. ఆ కణములు అల్పాయువులు. అయినను వాని పుట్టినిల్లగు ఎముకమూలుగునందే ఆ శిక్షణ నిలుచునని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

వార్ధకమున ఆ రెండవ సైన్యము క్షీణించును. కావున కావలివాండ్రకు చదువు చెప్పగలిగినచో వృద్ధులకు గొప్ప మేలు. గ్రీసు దేశమున, ఆసుపత్రినుండి ఇంటికి మరలుచున్న 65 ఏండ్లు దాటినవారికి కొందరికి బి.సి.జి.ని, కొందరికి వట్టి మందును ఇచ్చి చూచిరి. ఏడాదిలోపల వట్టి మందు పొందినవారిలో నూటికి 42 మందికిని, టీకా పొందినవారిలో 25 మందికిని అంటురోగములు సోకినట్లు 2020లో ప్రకటించిరి. కాని కోవిడు కాలమున నెదర్లాండ్సులో 60 ఏండ్లు దాటిన 2000 మందికి పైగా జరిపిన పరీక్షలో శ్వాసరోగములు తగ్గలేదు.

కనుక కావలికణములు నేర్వగలవనుట స్థిరమైనది. ఆ నేర్పు వృద్ధులను ఎంతవరకు కాపాడునో ఇంకను తేలలేదు. బి.సి.జి. సజీవబీజము, దేహబలము సన్నగిల్లినవారికి కీడును చేయవచ్చును. దానిని వార్ధక్యమునకు మందుగా కోరుట తగదు. ఇన్‌ఫ్లుయెంజాకు, న్యుమోనియాకు వేరుగా టీకాలున్నవి. వానిని గూర్చి మీ వైద్యుని నడుగుడు. నేర్చుటకు వయస్సు అడ్డు గాదని మన పెద్దలు చెప్పుదురు. ముదిమిలో ఆ కణములకును ఆ మాట ఎంత చెల్లునో పరిశోధకులు తేల్పవలసియున్నది.